బారు తప్పిన చీమలు

రసజ్ఞ పాలగ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. "అమ్మా, ఇందులో ఏవో ఈదుతున్నాయి."

త్రిపుర గ్లాసు అందుకుని కిటికీ వెలుగులోకి వంచి చూసింది. మీగడ మీద గోధుమరంగు నలుసులు కాళ్ళు కొట్టుకుంటున్నాయి. నలుసులు కావు, చీమలు. పంచదార డబ్బా మూత తీస్తే లోపలా అవే. డబ్బాని నిన్ననే నీళ్ళ పళ్ళెంలో పెట్టి, ఇక భయం లేదనుకుంది. డబ్బా అంచు ఒకచోట గోడకి ఆనుకుని ఉన్న సంగతి చూసుకోలేదు. అక్కణ్నుంచే ఎక్కాయి.

వానలు మొదలైన దగ్గర్నుంచీ ఇదే వరస. మాదాపూర్లో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్ అది. వీళ్ళది రెండో అంతస్తు. ఎదురుగా హైటెక్ సిటీ గుండ్రటి భవనం అంతస్తు మీద అంతస్తు లేస్తోంది. మధ్యాహ్నాలు కొండరాళ్ళు పేల్చినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు గలగలలాడతాయి. కొత్త ఇల్లయితే పురుగూ పుట్రా ఉండవనుకుని, కాకినాడ నుంచి తెచ్చుకున్న ఇత్తడి డబ్బాలన్నీ మురిపెంగా అరల్లో సర్దుకుంది త్రిపుర. ఇప్పుడు ఆ డబ్బాల మెడల చుట్టూ చీమలు గొలుసులు వేసినట్టు తిరుగుతున్నాయి.

తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచింది. బారు మధ్యలో తెగింది. తెగిన చోట చీమలు వెర్రెత్తినట్టు అటూ ఇటూ పరుగెత్తాయి. ఒకదానికొకటి ఎదురొచ్చి మీసాలు ఆనించుకున్నాయి, వెనక్కి పోయాయి, మళ్ళీ వచ్చాయి. ఆమె గుడ్డ పిండుకుని వచ్చేసరికి బారు మళ్ళీ అతుక్కుంది.

"ఏం చెప్పుకుంటాయో ఏమిటో ఇవి!" అంది విసుగ్గా.

వెనక బాల్కనీలో గిన్నెలు తోముతున్న భాగ్యమ్మ నవ్వింది. "ఏం జెప్పుకుంటయమ్మా, ఈడ తీపున్నది రాండ్రి అని జెప్పుకుంటయి. జర పసుపు జల్లి చూడుండ్రి."

"అదీ అయింది. పసుపు పక్కనుంచి కొత్త దారి వేసుకున్నాయి."

భాగ్యమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి, రసజ్ఞని ముందు కూర్చోబెట్టుకుంది. ఆ పిల్లకి భాగ్యమ్మ వేస్తేనే జడలు. తల్లి దువ్వెన పట్టుకుంటే ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుంది. పాయలు తీసి, రిబ్బన్లు మడిచి కట్టి, చెయ్యి పట్టుకుని బడి బస్సు ఎక్కించి వచ్చింది. వచ్చాక వంటింటి గడప దగ్గర కూర్చుని, బోరబండ నుంచి తెచ్చుకున్న మూట విప్పింది. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం. త్రిపుర ఇచ్చే టీతో అది తిని మిగతా ఫ్లాట్లకి పోవడం ఆమె అలవాటు.

ఆ రోజు త్రిపుర చూపు నేల మీద రాలిన రొట్టె పలుకు మీద పడింది. దాన్ని ఒక చీమ లాక్కుపోతోంది.

"భాగ్యమ్మా, నువ్విక్కడ కూర్చుని తింటావు కదా... ఆ ముక్కలకే వస్తున్నాయేమో."

తేలిగ్గానే అంది. భాగ్యమ్మ నేల వంక చూసి, తడి అరచేత్తో పలుకులన్నీ అద్ది ఎత్తింది. "అట్లనా అమ్మా?" అంది.

మర్నాడు ఆమె మూట పట్టుకుని బయటికెళ్ళి మెట్ల మీద కూర్చుంది. త్రిపుర చూసింది. లోపలికి రమ్మనడానికి తలుపుదాకా వచ్చింది. వంటగది శుభ్రంగా ఉండటం హాయిగా అనిపించి, పిలవకుండా టీ గ్లాసే అక్కడికి తీసుకెళ్ళి ఇచ్చింది.

అయినా చీమలు తగ్గలేదు. శ్యామ్ ఆఫీసు నుంచి వస్తూ స్ప్రే డబ్బా తెచ్చాడు. "సందులన్నిట్లో బాగా కొట్టు. ఒక్కటీ మిగలకూడదు" అన్నాడు. త్రిపుర ముక్కుకి గుడ్డ కట్టుకుని, పొయ్యిగట్టు వెనకా, స్విచ్చిబోర్డు కిందా, నీళ్ళ గొట్టాలు పైకి పోయే సందులోనూ డబ్బా సగం ఖాళీ అయ్యేదాకా కొట్టింది. బారు బారంతా ముడుచుకుని రాలిపోయింది. భాగ్యమ్మ చీపురుతో ఆ ముద్దని చేటలోకి ఎత్తుతూ, "అయ్యో, ఎన్ని పానాలమ్మా!" అంది. త్రిపురకి మాత్రం ఏదో పెద్ద పని చక్కబెట్టినంత తృప్తి కలిగింది. ఆ రెండు మూడు రోజులూ పంచదార డబ్బా మీద మూత కూడా సరిగ్గా పెట్టలేదు.

*

కూరగాయల బండి వచ్చినప్పుడు ఆడవాళ్ళంతా కింద గేటు దగ్గర చేరతారు. మొదటి అంతస్తు సుబ్బలక్ష్మి గారు బెండకాయల చివరలు విరిచి చూస్తూ మొదలుపెట్టింది. అపార్ట్‌మెంట్ సంఘానికి ఆమే కార్యదర్శి. "మా ఇంట్లో ఉన్నట్టుండి చీమలండీ! దేవుడి గదిలో, టీవీ వెనక, ఎక్కడ పడితే అక్కడ. ఇన్నాళ్ళూ ఒక్కటంటే ఒక్కటి లేదు."

మూడో అంతస్తు కనకలక్ష్మి గారు కూడా, "మాకూనండీ. మొన్నటి నుంచే" అంది.

"అదేం చిత్రమండీ, అందరికీ ఒక్కసారే?"

త్రిపుర కొత్తిమీర కట్ట ఏరుకుంటోంది. తన ఇంట్లో చీమలున్నాయని, అందరికంటే ముందు వచ్చాయని చెప్పడం నామోషీగా అనిపించింది. ఆ నామోషీ తప్పించుకోవడానికి నోటికొచ్చిన మాట అంది. "మాకూ వచ్చాయండీ, మందు కొడితే పోయాయి. భాగ్యమ్మ ఆ రొట్టె మూట ఇంటింటికీ తిప్పుతుంది కదా. దాంట్లోంచేమో."

ఏమో అనే అంది. సుబ్బలక్ష్మి గారు బెండకాయ పట్టుకున్న చెయ్యి అలాగే ఆపి, "అవునండోయ్! మన నాలుగిళ్ళకీ ఆవిడే కదా!" అంది. తర్వాత మాటల్లో ఏమో అన్న ముక్క ఎక్కడా వినిపించలేదు.

మర్నాడు త్రిపుర కరివేపాకు కోసం కిందికి దిగుతుంటే మెట్ల దగ్గర గొంతులు లేచాయి. మొదటి అంతస్తు మలుపులో సుబ్బలక్ష్మి గారు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా భాగ్యమ్మ. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు గుమ్మాల్లోంచి చూస్తున్నారు. వాచ్‌మన్ స్వామి కింది మెట్టు మీద తల వంచుకుని ఉన్నాడు.

"ఏదీ, ఆ మూట విప్పు చూద్దాం."

"రొట్టె మూటమ్మా. రొట్టె గాక ఏముంటది?"

"రొట్టే అయితే విప్పడానికేం?"

భాగ్యమ్మ తలెత్తింది. పై మెట్టు మీద ఆగిపోయిన త్రిపుర కనబడింది. ఆ చూపులో బతిమాలడం లేదు. ఇప్పుడు అమ్మ చెప్తుంది, ఇది అయిపోతుంది అన్న ధీమా ఉంది. త్రిపుర చేతిలో నిన్నటి కొత్తిమీర కట్ట ఉంది. బండివాడికి చూపించి పోట్లాడదామని తెచ్చింది. ఆమె వేళ్ళు పండుటాకులు గిల్లడం మొదలుపెట్టాయి. ఒకటి గిల్లి, ఇంకోటి వెతుక్కుంది.

భాగ్యమ్మ వంగి మూట విప్పింది. పొద్దుటి నుంచీ మెట్టు మీద పెట్టి ఉన్న మూట. రొట్టె మడతల్లోంచి చీమలు బిలబిలా గుడ్డ మీదికి పాకాయి.

"చూశారా!" అంది సుబ్బలక్ష్మి గారు అందరి వైపూ తిరిగి.

"మెట్ల మీద పెట్టిన గదమ్మా, గందుకే ఎక్కినయి" అంది భాగ్యమ్మ.

"మెట్ల మీద ఎవరు పెట్టమన్నారు?"

దానికి జవాబు చెప్పగలిగిన వాళ్ళు అక్కడ ఇద్దరే ఉన్నారు. భాగ్యమ్మ చెప్పలేదు. త్రిపుర ఇంకో ఆకు గిల్లింది.

సుబ్బలక్ష్మి గారు స్వామికి చెప్పేసింది. రేపటి నుంచి ఈ మనిషిని గేటు లోపలికి రానివ్వొద్దని. భాగ్యమ్మ చీమల్ని దులపకుండానే మూట ముడేసి, చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. సాయంత్రం బస్సు దిగిన రసజ్ఞని త్రిపురే వెళ్ళి తెచ్చుకుంది.

*

వారం తిరక్కుండానే చీమలు మళ్ళీ వచ్చాయి. ఈసారి ఒక బారు కాదు. స్విచ్చిబోర్డులోంచి ఒకటి, పడగ్గది కిటికీ చట్రంలోంచి ఒకటి, స్నానాల గదిలో సబ్బుపెట్టె దగ్గర ఒకటి. త్రిపుర స్ప్రే డబ్బా చేతిలోకి తీసుకుని, మూడో అంతస్తు సుబ్రహ్మణ్యం గారు గుర్తొచ్చి ఆగింది. కనకలక్ష్మి గారి భర్త ఆయన. రాజేంద్రనగర్ వ్యవసాయ కళాశాలలో పురుగుల మీద పాఠాలు చెప్పి రిటైరయ్యారు.

పిలవగానే భూతద్దం పట్టుకుని వచ్చారు. పంచె ఎగగట్టి, పొయ్యిగట్టు మీద మోచేతులు ఆనించి, చాలాసేపు చూశారు. ఒక చీమ కడుపు నేలకి రాస్తూ పోతోంది. అటు నుంచి వచ్చింది ఆగి, దాని మొహం తడిమి, అదే గీత మీద ముందుకు పోయింది.

"చూడమ్మాయ్. తిండి దొరికిన చీమ వాసన గీత గీసుకుంటూ ఇంటికి పోతుంది. రెండోది ఆ గీత పట్టుకుని వచ్చి, తనూ పూస్తుంది. ఎన్ని నడిస్తే గీత అంత చిక్కబడుతుంది. మొదటిదానికి నిజంగా తిండి దొరికిందా లేదా అని వెనకవేమీ అడగవు. గీత ఉంటే నడుస్తాయి."

"తుడిస్తే పోదా, బాబాయిగారూ?"

"సబ్బునీళ్ళతో తుడిస్తే గీత పోతుంది. గూడు పోదు కదా." భూతద్దం ఆమెకిచ్చారు. "ఇవి మామూలు నల్లచీమలు కావు. ఒక్కో గూట్లో రాణులు చాలా ఉంటాయి. మందేమైనా కొట్టావా?"

"కొట్టానండి. అన్ని సందుల్లోనూ."

"ఎప్పుడు?"

చెప్పింది. ఆయన గొట్టాలు పైకి పోయే సందు వైపు చూశారు. గొట్టాల పక్కన గోడ పగిలి ఉంది. "అదీ సంగతి. ఇవి స్ప్రేకి చావవమ్మా. పైకి కనబడేవి చస్తాయి. లోపలున్నవి హడలిపోయి, గుడ్లనీ రాణులనీ ఎత్తుకుని ముక్కలు ముక్కలుగా చీలిపోతాయి. ఒక గూడు పదవుతుంది. ఈ గొట్టాల దారి అన్ని అంతస్తులకీ ఒకటే. నువ్వు కొట్టిన రెండు రోజులకే కదూ మా ఇంట్లో కనబడ్డాయి!"

ఆయన ఏదో పాఠం చెప్తున్న ఉత్సాహంలోనే ఉన్నారు. త్రిపుర భూతద్దం గట్టు మీద పెట్టేసింది.

"అయితే భాగ్యమ్మ..."

ఆయన ఉత్సాహం చల్లారింది. పంచె దించుకున్నారు. "ఆ రోజు మెట్ల మీద గొడవ నాకూ వినిపించిందమ్మా. మూటలో చీమలు మోసుకొస్తే ఇల్లంతా పట్టవని చెప్పడానికి నాకు ఒక నిమిషం పట్టేది. ఆడవాళ్ళ వ్యవహారం నాకెందుకని తలుపు వేసుకున్నాను."

మందు ఆయనే చెప్పారు. క్యారమ్స్ బోర్డు మీద చల్లే బోరిక్ పొడి చిటికెడు, చిక్కటి పంచదార పాకంలో కలిపి, దూదికి అద్ది, పిల్లకి అందని చోట బారు పక్కన పెట్టాలి. పొడి ఎక్కువైతే దారిలోనే చస్తాయి. తక్కువైతేనే ఇంటిదాకా మోసుకెళ్ళి, నోటి నుంచి నోటికి రాణులదాకా అందిస్తాయి. "అన్నిటికంటే ముఖ్యం, తుడవకూడదు. చంపకూడదు. చూస్తూ ఊరుకోవాలి."

త్రిపుర ఊరుకుంది. అంట్లు తోముకుంటూ, బియ్యం ఏరుకుంటూ, దూది చుట్టూ ముసిరిన గుంపుని చూస్తూ గడిపింది. తాగినది కడుపు నింపుకుని పోతుంది. దారిలో ఖాళీ కడుపుది ఎదురైతే ఆగుతుంది. రెండూ మూతులు కలుపుతాయి. చేతిలో తడిగుడ్డ ఉండి కూడా తుడవకుండా ఆపుకోవడం కష్టమైంది. నాలుగైదు రోజులకి బారు పలచబడింది. తర్వాత ఒంటరి చీమలు దారి తెలియనట్టు తిరిగాయి. ఆ పైన అవీ లేవు. పగిలిన గోడని శ్యామ్ తెల్ల సిమెంటుతో పూడ్చాడు.

అప్పుడు సుబ్బలక్ష్మి గారింటికి వెళ్ళింది. కుర్చీ అంచున కూర్చుని, చీమలు గొట్టాల దారిన పాకాయట, మాస్టారు చెప్పారు, పాపం భాగ్యమ్మ తప్పేం లేదట, అంది.

సుబ్బలక్ష్మి గారు కాఫీ గ్లాసు చేతికిచ్చి చల్లగా నవ్వింది. "ఎందుకండీ ఆ శాస్త్రాలన్నీ! ఆవిడ మానేసింది, చీమలు పోయాయి. మా ఇంట్లో నేను ఏ మందూ పెట్టలేదు. అయినా ఇప్పుడు ఒక్కటి లేదు చూడండి."

ఒకే గూటి నుంచి చీలిన చీమలే కాబట్టి తను పెట్టిన మందే గోడల్లోంచి ఇక్కడిదాకా వచ్చి పని చేసిందని త్రిపురకి తెలుసు. తను చేసిన మంచి పనే భాగ్యమ్మ మీద పడ్డ నిందకి ఆధారమై కూర్చుంది. ఆ మాట చెప్పాలంటే, ముందు స్ప్రే కొట్టింది తనేనని, మూట మాట అన్నది తనేనని చెప్పాలి. కాఫీ తాగి, గ్లాసు అక్కడ పెట్టి వచ్చేసింది.

*

స్వామిని అడిగి గుర్తులు తెలుసుకుని, ఒక ఆదివారం పొద్దున ఆటోలో బోరబండ వెళ్ళింది. రైలు స్టేషను దాటాక సందులన్నీ బురద. రేకుల ఇంటి ముందు భాగ్యమ్మ పీట మీద కూర్చుని కొడవలిపీటతో వంకాయలు తరుగుతోంది. అరచేతులు సిమెంటు తిని పగిలి ఉన్నాయి.

"అమ్మా! గీ బురదల పడి వచ్చిండ్రా?" అని లేచి, పీట తుడిచి వేసింది. లోపలికెళ్ళి టీ పెట్టింది. మొగుడు చంద్రయ్యతో పాటు హైటెక్ సిటీ దగ్గర ఇంకో కట్టడానికి సిమెంటు తట్టలు మోస్తోందట. "పని మంచిగనే ఉన్నదమ్మా. ఎండైతే జర పరేషాన్. పాప మంచిగున్నదా? జడలు ఎవ్వరేస్తుండ్రు?"

"నేనే. ఏడుస్తూనే వేయించుకుంటోంది."

భాగ్యమ్మ నవ్వింది. ఆ నవ్వు చూశాక త్రిపురకి ధైర్యం వచ్చింది. అంతా చెప్పింది. వాసన గీతలూ, రాణులూ, గొట్టాలూ, స్ప్రే కొట్టడం వల్ల గూళ్ళు చీలడం. "నీ తప్పేం లేదు భాగ్యమ్మా. నాకప్పుడు తెలియలేదు. చీమల సంగతి ఇలా ఉంటుందని తెలిస్తే నేను అలా ఊరుకునేదాన్నా? రేపటి నుంచి వచ్చెయ్. నేను అందరికీ చెప్తాను."

భాగ్యమ్మ సగం కోసిన వంకాయ నీళ్ళ గిన్నెలో వేసింది. నీళ్ళు కదలడం ఆగేదాకా చూసింది.

"చీమల సంగతి మీకు తెల్వకపోవచ్చమ్మా. నాకూ తెల్వది. మరి నా సంగతి తెల్సు గద?"

త్రిపుర టీ గ్లాసు కింద పెట్టింది.

"నలుగుర్ల మూట ఇప్పించిండ్రు. ఆ సుబ్బలక్ష్మమ్మకు నేనెసుంటిదాన్నో తెల్వది. గామె అన్నదని నేను ఫికర్ జెయ్యలే. మెట్ల మీద మిమ్ముల జూసి, మా అమ్మొచ్చింది, జెప్తది అనుకున్న. మీ ఇంటి తాళంచెవి నా కొంగుకుండె గప్పుడు. పోంగ స్వామికిచ్చి పోయిన, ముట్టిందా?"

"ముట్టింది."

"గంతే." భాగ్యమ్మ ఇంకో వంకాయ తీసుకుంది. "టీ సల్లారుతుంది, తాగుండ్రి."

వెళ్ళేటప్పుడు రోడ్డుదాకా వచ్చి, తనే ఆటో ఆపి, "అమ్మను జర పైలంగ దింపు" అని డ్రైవరుకి చెప్పింది. ఆటో కదిలాక త్రిపుర వెనక్కి తిరిగి చూసింది. భాగ్యమ్మ అప్పటికే సందులోకి మళ్ళిపోయింది.

*

మర్నాడు కూరగాయల బండి దగ్గర అందరూ ఉన్నప్పుడు త్రిపుర చెప్పింది. చీమలు ముందు వచ్చింది తన ఇంట్లోనని, స్ప్రే కొట్టి అందరి ఇళ్ళకీ తోలింది తనేనని, భాగ్యమ్మని మెట్ల మీదికి పంపింది, మూట మాట పుట్టించింది తనేనని, ఆ రోజు పై మెట్టు మీద నిలబడి నోరు విప్పనిది కూడా తనేనని చెప్పింది. బండివాడు తక్కెడ పట్టుకుని వింటూ ఉండిపోయాడు.

సుబ్బలక్ష్మి గారు చేతిలో కాయలు బండి మీద పెట్టేసింది. తర్వాత ఆమె మొహం తేటబడింది. "అదేంటండీ, ఆ రోజే చెప్పాల్సింది కదా! మీరు అన్నారనే కదా మేం ఆ మనిషిని అంత మాటన్నాం! పాపం పేదది. ఎంత ఉసురు తగులుతుందో!"

సాయంత్రానికల్లా ఆ మాట మూడంతస్తులూ చుట్టింది. త్రిపుర లేనిపోనివి చెప్పి పనిమనిషి పొట్ట కొట్టిందట. మూట విప్పించింది ఎవరో ఆ మాటల్లో ఎక్కడా లేదు. శ్యామ్ కోపంతో లేచాడు. "వెళ్ళి అడగనా ఆవిణ్ణి?"

"వద్దు" అంది త్రిపుర.

కనకలక్ష్మి గారు భర్తతో బోరబండ వెళ్ళి బతిమాలితే భాగ్యమ్మ మళ్ళీ వచ్చింది. వాళ్ళింటికీ, తర్వాత ఇంకో రెండిళ్ళకీ కుదిరింది. తన ఇంటికీ రమ్మని త్రిపుర ఒకసారి అడిగింది. "పనెక్కువున్నది, తీరది అమ్మా" అంది భాగ్యమ్మ మర్యాదగానే. త్రిపుర మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు పొద్దున్నే రసజ్ఞకి జడలు వేస్తుంటే మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తుంది. తలుపు తీసి ఉంటే భాగ్యమ్మ ఒక్క క్షణం ఆగి, "మంచిగున్నరా అమ్మా?" అంటుంది. పాపని చూసి నవ్వుతుంది. "బాగున్నాం భాగ్యమ్మా" అంటుంది త్రిపుర, దువ్వెన అలాగే పట్టుకుని. భాగ్యమ్మ కొంగు సర్దుకుని పై అంతస్తుకి ఎక్కిపోతుంది.